రాజలింగం పేరు కింద నా పని

అశోక్‌నగర్‌లో ఒక ఇంట్లో పాత హార్మోనియం ఉంది. దాని మెట్లు విప్పితే కింది చెక్క మీద పెన్సిలుతో రాసిన ఒక పేరు, ఒక తేదీ కనపడతాయి. పేరు రాజలింగం. ఆ పెట్టెను చెడగొట్టింది రాజలింగం కాదు, నేను. మాట పడ్డది ఆయన. నారాయణగూడలో ముప్పై ఏండ్లు నిలబెట్టుకున్న పేరు నా నాలుగు రోజుల పనితో పోయింది.

ముందే చెప్పేస్తున్నాను. నా ఈడువాళ్లు రాసుకునే అనుభవాల్లో తప్పులు ఆఖరి పేజీల్లో వస్తాయి, అవి కూడా పక్కవాడివే అయి ఉంటాయి. అట్లాంటివి చాలా చదివి, ఒళ్లు మండి ఇది రాస్తున్నాను. ఆఫీసు విసుగెత్తింది, చేతిపని ఏదైనా నేర్చుకుంటాను అనేవాళ్లు ఈమధ్య నా దగ్గరకు వస్తున్నారు. నలభై దాటినవాళ్లు, యాభై దాటినవాళ్లు. వాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే.

యాభై ఎనిమిదేండ్ల కొత్తవాడు

నా బడి చదువు ఏడో తరగతితో సరి. మిగతాదంతా చిక్కడపల్లిలో లైబ్రరీ బల్లల మీద నాకు నేను చదువుకున్నదే. ముప్పై ఒక్క ఏండ్లు అక్కడే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పాను, తెలుగూ ఇంగ్లీషూ రెండూ. నేను నేర్పిన విద్య ఒక్కటే, తప్పు పడకూడదు. పేజీలో ఒక్క అక్షరం తప్పితే దాని కింద ఎర్ర గీత గీసి, పక్కన ఆ పిల్లవాడి పేరు రాసి, మళ్లీ మొదటి నుంచి కొట్టించేవాణ్ణి. నన్ను తిట్టుకుంటూనే పాసయ్యేవాళ్లు.

2009లో ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. పద్నాలుగు మిషన్లను పాతసామాన్ల మనిషి ట్రాలీ ఆటోలో ఒకదాని మీద ఒకటి పడేస్తుంటే అరుగు మీద నిలబడి చూశాను. ఒక తెలుగు మిషన్ మాత్రం బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాను.

తరువాత నెల రోజులు పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికి పోవాలో తెలియక నారాయణగూడ దాకా నడిచి తిరిగొచ్చేవాణ్ణి. అట్లా పోతుంటే ఒకనాడు ఒక గల్లీ మొదట్లో చిన్న దుకాణం కనపడింది. ఒక మనిషి హార్మోనియం పైచెక్క తీసి, మెట్లన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, వరస తప్పకుండా గుడ్డ మీద పరుస్తున్నాడు. అచ్చం మేము టైపు మిషన్ విప్పినట్టే. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏం గావాలె సార్?"

"ఏం వద్దు. చూస్తున్నా."

"చూసుడుకేం గాదు గని, ఎల్తురుకు అడ్డం నిలబడ్డరు."

పక్కకు జరిగాను. మర్నాడు మళ్లీ పోయాను. నాలుగో రోజు ఆయనే స్టూలు ముందుకు తోశాడు. ఆయనే రాజలింగం. జగిత్యాల దిక్కు నుంచి ఇరవై ఏండ్ల వయసులో వచ్చి ఆ గల్లీలోనే హార్మోనియాలు బాగుచేస్తూ ఉండిపోయినవాడు. అప్పటికి ఆయనకు యాభై, నాకు యాభై ఎనిమిది. పని నేర్పమని అడిగాను. ఇంట్లో నవ్వారు, లైబ్రరీలో నవ్వారు, ఆయన నవ్వలేదు.

"పాట వస్తదా?"

"రాదు."

"సరిగమలు?"

"తెలియవు."

"మరేమొస్తది?"

"తప్పులు పట్టడం వస్తుంది. ముప్పై ఏండ్లు టైపు నేర్పాను."

"గదే జర భయమైతుంది టైపు సారూ" అన్నాడు.

ఆ పేరే ఖాయమైంది. నేను ఆయనను మేస్త్రీ అనేవాణ్ణి.

తిత్తి కొట్టడం

మూడు నెలలు నా చేతికి పనిముట్టు ఇయ్యలేదు. పెట్టెకు ఎదురుగా కూచుని ఎడమచేత్తో తిత్తి కొట్టడమే నా ఉద్యోగం. తెలియనివాళ్లకు చెప్తున్నాను. హార్మోనియంలో ప్రతి మెట్టు కింద సన్నటి ఇత్తడి నాలుకలు ఉంటాయి. వాటినే రీడ్లు అంటారు. తిత్తి గాలి వాటి సందుల్లోంచి పోతే అవి పలుకుతాయి. రీడు కొస దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. గీకేది ఇనుము కోసే ఆక్సా బ్లేడు విరిగిన ముక్కతో. పని మొత్తం ఇంతే. ఇది తెలుసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడానికి నాకు ఐదేండ్లు చాలలేదు.

ఆయన మెట్టు నొక్కి వింటుంటే నేను గాలి ఇయ్యాలి. గాలి పొంగితే స్వరం ఒక తీరు, తగ్గితే ఒక తీరు.

"బస్సు దొరకనోని లెక్క ఆ తొందరేంది సారూ? పండుకున్న పిల్లగాని కడుపు చూసినవా? గట్ల ఇయ్యి గాలి."

నాకు కోపం వచ్చేది. పద్నాలుగు మిషన్లు నడిపినవాణ్ణి, నాలుగువందల మందిని పరీక్షకు పంపినవాణ్ణి, గాలి కొట్టడం రాదంటాడా! పెద్దవయసులో పనికి వచ్చేవాళ్లందరికీ ఈ కోపం వస్తుంది. మనం చేతులు ఖాళీ చేసుకుని రాము. మొన్నటిదాకా మనం ఏమిటో ఎదుటివాడికి చెప్పాలని నాలుక దురదపెడుతూనే ఉంటుంది. చెప్పకండి. ఎవరికీ అక్కరలేదు.

మూడో నెలలో అనుకుంటాను, ఇంట్లో అన్నం ముందు కూచున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది, వంటింట్లో మిక్సీ నడుస్తోంది. ఆ రెండు మోతల మధ్య ఒక అల, ఊఁ ఊఁ అని లేచి పడుతున్నట్టు వినపడింది. రెండు రీడ్లు కొంచెం తేడాగా ఉన్నప్పుడు లేచే అల అదే. మేస్త్రి రోజూ విను విను అని చెప్పింది దాన్నే.

"మిక్సీ ఫ్యాను కన్నా కొంచెం పైన ఉంది" అన్నాను.

"ఎక్కడ పైన ఉంది? గట్టు మీదే ఉంది" అంది మా ఆవిడ.

ఆ రోజు అన్నం సగంలో లేచి నారాయణగూడకు నడిచి పోయి మేస్త్రికి చెప్పాను. ఆయన ఆక్సా బ్లేడు ముక్క ఒకటి రాతి మీద నూరి నా చేతిలో పెట్టాడు.

పెట్టెల్లో ఏముంటుంది

పలకని పెట్టె తెచ్చినవాడు ఎప్పుడూ రీడు పోయిందనే అంటాడు. నూటికి తొంభై సార్లు రీడు పోదు. బొద్దింక ఉంటుంది. అగరుబత్తి బూడిద ఉంటుంది. పెండ్లిళ్లకు పోయి వచ్చిన పెట్టెలో అక్షింతలు ఉంటాయి. ఒక్క పసుపు బియ్యపు గింజ రీడు సందులో పడితే ఆ మెట్టు మూగదే. మేస్త్రి దాన్ని సూదితో తీసి, గింజను తెచ్చినాయన నెత్తి మీదనే వేసి "దీర్ఘాయుష్మాన్ భవ, ఇగ పో" అనేవాడు.

ఒకసారి పాలమూరు దిక్కు నుంచి వచ్చి కట్టడం పనులు చేసుకునేవాళ్లు నలుగురు తమ బస్తీ భజన పెట్టెను గోనెసంచిలో చుట్టి తెచ్చారు. విప్పితే లోపలంతా సిమెంటు. పని నుంచి వచ్చి కాళ్లుచేతులు కడుక్కుని పాడుతారట గానీ బట్టలు దులుపుకోరు.

"ఇది పెట్టెనా, స్లాబా?" అన్నాడు మేస్త్రి.

"క్యూరింగ్ జేస్తనే ఉన్నమన్నా, సెట్టయితలేదు" అన్నాడు వాళ్లలో ఒకడు. అందరం నవ్వాం.

రెండు రోజులు కూచుని నేనే కుంచెతో సిమెంటు దులిపాను. పెట్టె పలికింది గానీ శ్రుతి ఎక్కడిదక్కడ చెదిరి ఉంది. అన్ని రీడ్లూ సరిచేద్దామా అని అడిగాను.

"వాళ్లు అడిగిన్రా?"

"లేదు. కానీ తప్పు పలుకుతోంది కదా మేస్త్రీ."

"తప్పో ఒప్పో, వాళ్లు దీంతోటి ఏండ్ల సంది పాడి పాడి దీనికి కుదిరిండ్రు. నువ్వు సక్కగ జేసిస్తే రేపు భజనల నలుగురు నాలుగు దిక్కులు పోతరు. అడగంది ముట్టకు సారూ. ఈ పనిల మొదటి మాట గదే, ఆఖరి మాట గదే."

విన్నాను. తల ఊపాను. తల ఊపడం వేరు, చేతికి ఎక్కడం వేరు.

మెట్ల కింది పేరు

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. పెట్టె విప్పి బాగుచేసినవాడు మళ్లీ మూసేముందు మెట్ల కింది చెక్క మీద పెన్సిలుతో పేరు, తేదీ రాస్తాడు. వాయించేవాళ్లకు అది కనపడదు. తరువాత విప్పేవాడికి మాత్రమే కనపడుతుంది. పాత పెట్టెల్లో నలుగురైదుగురి పేర్లు ఉంటాయి, ఉర్దూలో, మరాఠీలో, తెలుగులో. మేస్త్రి వాటిని చదివేటప్పుడు గొంతు తగ్గించేవాడు. "ఈయన చెయ్యి నెమ్మది" అనేవాడు, ఎన్నడూ చూడని మనిషి గురించి.

నేర్చుకునేవాడు పేరు రాయడానికి లేదు. పని ఎవరు చేసినా పేరు దుకాణం మేస్త్రిది. ఏడాదిన్నర దాటినా నాకు ఆ పెన్సిలు దక్కలేదు. ఎంత కోరికగా ఉండేదో చెప్తే నవ్వుతారు. అరవై ఏండ్లు వచ్చినవాడికి ఎవరూ చూడని చెక్క మీద పేరు రాసుకోవాలని ఆశ! రాత్రి పడుకుని అరచేతి మీద వేలితో రాసుకున్న రోజులున్నాయి.

నాలుగు రోజులు

2011 మొదట్లో కమలారత్నం గారు ఆటోలో పెట్టె తెచ్చారు. ఒకప్పుడు పద్యనాటకాల్లో నాయిక వేషాలు కట్టి పేరు తెచ్చుకున్న మనిషి. కోస్తా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డారు. ఇంటి పైభాగం పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలకు కిరాయికి ఇచ్చి కింద ఒక్కరే ఉంటారు. భర్త కూడా పద్యాలు పాడేవారట, చనిపోయారు. పెట్టె ఆయనది.

"నాలుగో మెట్టు అతుక్కుంటోంది రాజలింగం. అంతే" అని చెప్పి వెళ్లిపోయారు.

మర్నాడు మేస్త్రి చుట్టాల పెండ్లికి జగిత్యాల పోయాడు. "ఆ ఒక్క మెట్టు చూసి మూసిపెట్టు" అన్నాడు. మెట్టు పని అర్ధగంటలో అయిపోయింది.

అంతకు వారం ముందే నేను సుల్తాన్ బజార్‌లో ఒక చిన్న మిషన్ కొన్నాను. అగ్గిపెట్టెకు కొంచెం పెద్దది. స్వరం పలికిస్తే దాని మీద సూది లేస్తుంది. నడుమ నిలబడితే పచ్చ దీపం. కిందికో మీదికో పోతే ఎర్ర దీపం. మేస్త్రికి చూపించలేదు. పెట్టె ముందర దాన్ని పెట్టి ఒక మెట్టు నొక్కాను. ఎర్ర దీపం. ఇంకోటి. ఎర్ర దీపం. ముప్పై తొమ్మిది మెట్లూ ఎర్ర దీపమే. అన్నీ కిందికే ఉన్నాయి, అదీ ఒక్క తీరుగా కాదు, ఒకటి కొంచెం, ఒకటి ఇంకొంచెం.

నాకు ముప్పై ఒక్క ఏండ్ల చేయి లేచింది. పేజీ నిండా తప్పులు!

మెట్టుకు రెండు రీడ్లు. నాలుగు రోజులు మెడ ఎత్తకుండా గీకాను. కొస మీద ఒక్కో గీత, సూది ఒక్కో వెంట్రుకవాసి. చివరి రీడుకు కూడా పచ్చ దీపం వెలిగినప్పుడు నాకు కండ్లల్లో నీళ్లు వచ్చాయి. మేస్త్రి వచ్చి చూసి పెన్సిలు నా చేతికి ఇస్తాడని నమ్మాను. నిజంగా నమ్మాను.

ఆయన వచ్చాడు. చెప్పులు విడుస్తూనే పెట్టె మీద ఒక మెట్టు నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. తిత్తి మూసేశాడు. మిషన్ వైపు చూశాడు.

"సూది ఏడ నిలబడాల్నో ఎవలు జెప్పిండ్రు సారూ నీకు?"

సంగతి ఆయనే చెప్పాడు, తిట్టకుండా, అదే ఎక్కువ కాలింది. కమలారత్నం గారి భర్తకు గొంతు ఆపరేషన్ అయిన తరువాత శ్రుతి దిగిపోయిందట. ఏ మెట్టు మీదా గొంతు కూచోలేదట. పాడటం మానేస్తానని ఆయన ఏడిస్తే, మేస్త్రి మూడు రోజులు వాళ్లింట్లో కూచుని, ఆయన పాడుతుంటే విని ఒక్కొక్క రీడూ ఆ గొంతుకు దించాడట. గొంతు వణికే చోట ఇంకో పిసరు దించాడట. ఆ తరువాత రెండేండ్లు ఆయన ఆ పెట్టెతోనే పాడి పోయారు.

"వెనక్కి తెద్దాం మేస్త్రీ. మొదలు దగ్గర గీకి దించుదాం."

"ఏడికి దించుతవ్? కొలత ఏడుంది? కొలత ఆయన గొంతు. ఆయన పోయి ఆరేండ్లాయె." పెట్టె మూత వేస్తూ, "గీకిన రీడు మళ్ల గీకితే పలసబడి పీలగ అరుస్తది. ఇగ ముట్టకు" అన్నాడు.

చాయ్

ఆమె సాయంత్రం వచ్చారు. స్టూలు మీద కూచుని తిత్తి మెల్లగా తీసి, ఒక మెట్టు పట్టి, నోట్లో నోట్లో ఏదో పద్యం ఎత్తుకున్నారు. రెండు మాటలకే ఆగిపోయారు. మళ్లీ ఎత్తుకుని మళ్లీ ఆగారు.

"రాజలింగం, ఇది ఎవరి పెట్టె?"

"మీదేనమ్మా."

"కాదు."

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. చెప్పాలని నోరు తెరిచాను. మేస్త్రి నా దిక్కు తిరగకుండానే అన్నాడు:

"చెయ్యి తప్పిందమ్మా. తప్పు నాది. టైపు సారూ, అమ్మకు చాయ్ తేపో."

నేను చాయ్‌కి పోయాను.

ఇది రాయడానికి నాకు మూడేండ్లు పట్టింది కాబట్టి ఇంకోసారి రాస్తాను. నోరు తెరిచినవాణ్ణి, మూసుకుని, చాయ్‌కి పోయాను. మూడు గ్లాసులు పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆమె ఆటో మూల తిరుగుతోంది. నేను లేనప్పుడు ఆయన ఆమె ముందే మెట్లు తెరిచి పేరు, తేదీ రాసి మూసి ఇచ్చాడని తరువాత తెలిసింది.

"ఎందుకట్ల చెప్పినవు మేస్త్రీ? ఇది అన్యాయం."

"ఎవలికి?"

"నాకు!"

అప్పుడు నవ్వాడు. "మంచిగుంది! మాట నేను పడితి, అన్యాయం నీకా?"

ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. ముప్పై ఒక్క ఏండ్లు తప్పు కింద ఎర్ర గీత గీసి, పక్కన చేసినవాడి పేరు రాసినవాణ్ణి. నా తప్పు పక్కన ఇంకొకరి పేరు ఉంటే నాకు నిద్ర పట్టదు. నేర్చుకునేవాడికి మంచిపని మీద హక్కు లేదంటే ఒప్పుకుంటాను. చెడ్డపని మీద కూడా లేదంటే ఎట్లా?

"నా దుకాణంల నా పేరే ఉంటది" అన్నాడు ఆయన. "నువ్వు మంచిగ జేసిన ఇరవై పెట్టెల్ల నా పేరుంటె అప్పుడు అన్యాయం అనలే గద?"

చెవి పోయిందన్న మాట

నెల తిరగకముందే మాట పుట్టింది. కమలారత్నం గారింటికి నాటకాల వాళ్లు ఆదివారాలు వచ్చి పాడుకుంటారు. వాళ్లలో తబలా వాయించే ఆయన ఒకరు చిక్కడపల్లి సంగీత సభల దగ్గర చాయ్ తాగుతూ అన్నాడు, "పాపం, రాజలింగానికి చెవి పోయింది. ఆవిడ పెట్టె సర్వనాశనం చేశాడు" అని. హార్మోనియం మేస్త్రికి చెవి పోయిందనడం కండక్టర్‌కు కండ్లు కనపడవనడం లాంటిది కాదు. ఇంకా పెద్దది. భజన మండలుల వాళ్లు తగ్గారు. పాటల బడుల వాళ్లు ఇంకో చోటికి పోయారు.

నేను ఆ తబలా ఆయనను వెతికి పట్టుకున్నాను.

"ఆ పెట్టె చెడగొట్టింది నేను. మేస్త్రి ఊళ్లో కూడా లేడు" అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. "గురుభక్తి ఉండాలి సార్. ఇంత ఉండొద్దు."

ఎంత చెప్పినా అంతే. ఎవరితో చెప్పినా అంతే. అబద్ధాన్ని అందరూ నమ్మారు, నిజాన్ని నా మంచితనం కింద రాసుకున్నారు. ఇక ఈ మాట తుడవగలిగేది ఒక్క కమలారత్నం గారే. పెట్టె ఆమెది, మాట ఆమె చెప్తేనే వింటారు.

నేను తబలా ఆయనతో గొడవపడ్డ సంగతి మేస్త్రికి తెలిసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "నా తరఫున వకాల్తా ఎవలిచ్చిండ్రు నీకు? గాలి ఇయ్యి" అన్నాడు. కూచుని తిత్తి కొట్టాను. ఇంత కన్నా మంచి మధ్యాహ్నం నా బతుకులో లేదు.

2012 చివర్లో ఆ బిల్డింగ్ పడగొడతామని దుకాణాలన్నీ ఖాళీ చేయించారు. పని ఉన్నవాడైతే ఇంకో గల్లీలో చూసుకునేవాడు. పని తగ్గినవాడు కాబట్టి మేస్త్రి జగిత్యాల పోయాడు. సామాను లారీలో పెట్టాక, "ఇగ నీ పెట్టెల నీ పేరు రాసుకో సారూ" అన్నాడు. మూడేండ్లు నేను ఎదురుచూసిన మాట. అట్లా వస్తుందనుకోలేదు.

చిక్కడపల్లిలో మా ఇంటి ముందుగదిలో ఇంకో ఏడాదిన్నర పనిచేశాను. పేరు రాసుకున్నాను. రాసిన ప్రతిసారి ఎదురుగా ఖాళీ స్టూలు కనపడేది. ఒంటిచేత్తో తిత్తి కొడుతూ ఒంటిచేత్తో మెట్టు నొక్కితే గాలి సమంగా రాదు. మంచి రీడు పలికినప్పుడు తల ఎత్తి చూసే అలవాటు పోలేదు. ఆ గల్లీలో ఇప్పుడు సెల్‌ఫోన్ల అద్దాలు వేసే దుకాణం ఉంది. అటు పోయినప్పుడల్లా మేస్త్రి తిత్తి అతికించడానికి కాచే సరేసు జిగురు ఉడుకుతున్న వాసన వస్తుందేమోనని ఒక్క నిమిషం నిలబడతాను. ఆ కంపును ముక్కు మూసుకుని తిట్టినవాణ్ణే నేను.

2014లో చేయి వణకడం మొదలైంది. వణికే చేత్తో రీడు గీకకూడదు. బ్లేడు పక్కన పెట్టేశాను.

ఏడు ఉత్తరాలు

ఆమెకు మొదటి ఉత్తరం 2011లోనే రాశాను. మిగిల్చుకున్న తెలుగు మిషన్ మీద, ఒక్క తప్పు లేకుండా. తప్పు నాదనీ, మేస్త్రి పేరు చెడిందనీ, మీరు నలుగురిలో చెప్పాలనీ. జవాబు లేదు. ఆరు నెలలకొకటి చొప్పున ఆరు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

పోయి ఎదురుగా చెప్పొచ్చు కదా అంటారు. మా ఇంటి నుంచి అశోక్‌నగర్ ఎంత దూరం? రెండుసార్లు ఆమె గేటు దాకా పోయాను. రెండుసార్లూ లోపల పెట్టె మోగుతోంది. నేను గీకిన రీడ్లు. వాటి మీద ఆమె గొంతు ఎక్కి దిగుతోంది. పైనుంచి ఆడపిల్లలు పాఠాలు అప్పజెప్పుకునే చప్పుడు. గొళ్లెం మీద వేసిన చేయి వెనక్కి తీసుకున్నాను.

మేస్త్రికి ఫోన్ చేసి చెప్తే "ఇడ్సిపెట్టు టైపు సారూ, గా పెట్టె పంచాయతి ఎన్నేండ్లు?" అన్నాడు. తరువాత, "గాలి సమంగనే ఇస్తున్నవా?" అన్నాడు. చేయి వణుకుతోందని చెప్పలేదు.

ఏడో ఉత్తరం ఈ ఏడు రాశాను. మిషన్ మీటలు నొక్కితే చేయి పక్క మీట మీద పడుతోంది కాబట్టి పెన్సిలుతో రాశాను. అక్షరాలు వంకరపోయాయి. మూడుచోట్ల కొట్టేశాను. చాయ్ సంగతి అందులోనే మొదటిసారి రాశాను. తిరగరాసే ఓపిక లేక అట్లాగే పోస్టులో వేశాను.

పదకొండో రోజు జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను:

"నమస్కారం. మీ ఉత్తరాలు ఏడూ అందాయి. మొదటి ఆరూ నోటీసుల్లా ఉన్నాయి. అంత నీటుగా తప్పు ఒప్పుకుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఏడోదానికి జవాబు రాస్తున్నాను.

ఆ రోజు రాజలింగం అబద్ధమాడుతున్నాడని నాకు తెలుసు. అతని చెయ్యి నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. గుమ్మంలో మీ మొహం కూడా చూశాను. మీరు చెప్తారని ఆగాను. మీరు టీకి వెళ్ళారు. అతని చెవి పోయిందని నేను ఎవరితోనూ అనలేదు. అన్నవాళ్ళని వద్దని కూడా అనలేదు. అది నా తప్పు, అందులో మీకు వాటా లేదు.

ఆదివారం సాయంత్రం మావాళ్ళంతా వస్తారు, తబలా ఆయనతో సహా. మీరూ రండి. స్క్రూడ్రైవరు, పెన్సిలు, రబ్బరు తెచ్చుకోండి. వాళ్ళందరి ముందూ మెట్లు విప్పి, ఆ పేరు చెరిపి, మీ పేరు రాయండి. చెయ్యి వణికితే పెట్టె నేను పట్టుకుంటాను. రాజలింగానికి ఫోను నేనే చేస్తాను.

శ్రుతి మాత్రం ముట్టుకోవద్దు. ఈ మూడేళ్ళూ దానితోనే పాడుకున్నాను. నా గొంతు దానికి కుదిరింది."